ఫోర్కు తిరగవలెను, ఊగరాదు



మీ ఇంటి సైకిలును ఒకసారి మనసులో నిలుపుకొనండి. ముందు బ్రేకు పట్టి బండిని కొంచెం ముందుకు నెట్టినపుడు హ్యాండిలు క్రింద ‘టక్కు’మని చప్పుడవుతున్నదా? లేక, తిన్నగా పోతున్న బండిని ఒక ప్రక్కకు త్రిప్పబోతే హ్యాండిలు నడుమ ఎక్కడనో చిక్కుకొని, కొంచెం బలం పెట్టిన పిమ్మట గాని వదలడం లేదా? మొదటిది వదులుకు గుర్తు. రెండవది అరుగుదలకు గుర్తు. ఫోర్కు తిరిగే చోట కప్పులు, కోనులు, వాటి నడుమ ఇనుప గుండ్లు ఉంటాయి. అవి పాడైనప్పుడు తీసివేసి క్రొత్తవి అమర్చుకొనే పని ఇంటివద్దనే, అందుబాటులో ఉన్న కొద్దిపాటి పనిముట్లతో, ఎట్లా చేసుకోవచ్చునో ఈ పూట మీకు చెప్పదలచినాను.

వివరాలు చాల ఉన్నవి. మీరు జ్ఞాపకముంచుకొనవలసినది మాత్రం ఒక్కటే. ఫోర్కు ఏ అడ్డూ లేకుండ తిరగవలెను; కాని ముందుకూ వెనుకకూ ఊగరాదు. మరల చెబుతున్నాను: తిరగవలెను, ఊగరాదు. ఈ రెండు గుణాలకూ పొత్తు కుదరదేమో అనిపిస్తుంది. బిగిస్తే ఊగదు, కాని తిరగదు. వదిలితే తిరుగుతుంది, కాని ఊగుతుంది. ఈ రెంటి నడుమ వెంట్రుకవాసి చోటు ఒకటి ఉన్నది. అది చేతిబలం వలన దొరికేది కాదు. ప్రతి కప్పూ, ప్రతి కోనూ తన ఆసనంలో తిన్నగా, సంపూర్ణంగా కూర్చున్నప్పుడే దొరుకుతుంది.

మా తళవాయిపురంలో గాని, ఇక్కడి నుండి రాజపాళయం వరకు గల పల్లెలలో గాని సైకిలు విలాసవస్తువు కాదు. కుట్టుమిషన్ల చప్పుడుతో తెల్లవారే ఊరు మాది. కుట్టిన నైటీల మూటలను క్యారియరు మీద నిలువెత్తున కట్టుకొని, అది చాలక మరొక సంచిని హ్యాండిలుకు తగిలించుకొని పోయేవారు మనకు నిత్యం కనబడతారు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు కురిసినపుడు కట్టల వెంట దారులు కోతపడి గుంటలవుతాయి. వేసవి వచ్చేసరికి ఆ గుంటలే మెత్తని దుమ్ముతో నిండి, పైకి చదునుగా కనబడుతూ చక్రాన్ని మోసగిస్తాయి. ముందు బరువు, దారి కుదుపు, నీటితోనూ దుమ్ముతోనూ లోపలికి జొరబడే ఇసుక రేణువు, ఈ మూడూ కలిసి మొట్టమొదట దెబ్బతీసేది ఫోర్కు అడుగున ఉన్న కప్పునే.

రాజపాళయంలో 1936లో నూలుమిల్లు స్థాపితమైనది మొదలు, పల్లెలలో కాపురం, పట్టణంలో కూలి అనే జీవనపద్ధతి ఈ ప్రాంతంలో నెలకొన్నది. ఆ రెంటినీ కలిపినది చాలమట్టుకు సైకిలే. 1949లో, రాజపాళయం వాడైన పి.ఎస్. కుమారస్వామి రాజా మదరాసు రాష్ట్ర మంత్రివర్గానికి నాయకుడైన సంవత్సరంలోనే, మదరాసులో టి.ఐ. సైకిల్స్ ఆఫ్ ఇండియా సంస్థ ఏర్పడినది. అంతవరకు ఇంగ్లండు నుండి ఓడలలో దిగుతుండిన హెర్క్యులిస్ బండి ఆ పిమ్మట అంబత్తూరులోనే తయారు కాసాగినది. మన కాలానికి వస్తే, 2001లో షెడ్యూల్డు కులాల, తెగల బాలికలకోసం మొదలై, తరువాత ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలలో 11వ తరగతి చదివే బాలబాలికలందరికీ విస్తరించిన ఉచిత సైకిళ్ళ పథకం వలన, ఎన్నో ఇండ్లకు సైకిలు చేరినది. బండి ఇంటికి వచ్చినది. దానిని బాగుచేసుకొనే నేర్పు మాత్రం దానితోపాటు రాలేదు. పాఠశాల విడిచిన ఏడాదికే ఆ బండ్లు గోడవార తుప్పుపట్టి పడి ఉండడం చూచినప్పుడెల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. వాటిలో అనేకం చిన్న మరమ్మతుతో మరల రోడ్డెక్కగలవి.

ఈ పని ఆడవారికి చేతకాదని ఎవరైనా అంటే వారికి పుదుక్కోట్టను చూపించండి. 1990ల తొలినాళ్ళలో, షీలారాణి చుంకత్ ఆ జిల్లాకు కలెక్టరుగా ఉన్నప్పుడు, ‘అఱివొళి ఇయక్కం’ అనే అక్షరాస్యతా ఉద్యమంలో అక్షరాలతోపాటు సైకిలు తొక్కడం కూడ నేర్పినారు. వేలకు వేలు పల్లెటూరి స్త్రీలు సిగ్గు విడిచి బండి ఎక్కినారు. బండి ఎక్కగలిగిన చేతికి పానా పట్టుకొనడం ఎంతటి పని?

ఇక అసలు విషయానికి వస్తాను. ఫోర్కు ఎందుకు అంత తేలికగా తిరగవలెను? సైకిలు పడిపోకుండా నిలబడేది మనం కదలకుండా కూర్చొనడం వలన కాదు. బండి ఎటు ఒరుగుతుందో అటువైపు ముందు చక్రాన్ని రవంత త్రిప్పి, చక్రాలను మన బరువు క్రిందికి తెచ్చుకొంటున్నందువలన అది నిలబడుతున్నది. 1817లో జర్మనీలో కార్ల్ డ్రెయిస్ పెడళ్ళు లేని కొయ్యబండిని చేసి, కాళ్ళతో నేలను తన్నుతూ నడిపినప్పుడే ఈ రహస్యం బయటపడినది. ఎందుకంటే, దాని ముందు చక్రం త్రిప్పడానికి వీలుగా అమర్చబడి ఉండెను. ఆ తరువాత చాలకాలానికి, 1970లో, డేవిడ్ జోన్స్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ‘ఫిజిక్స్ టుడే’ పత్రికలో తన పరిశోధనను ప్రకటించినాడు. ముందు చక్రం గిరగిర తిరగడమే సైకిలును నిలబెడుతున్నదనే నమ్మకాన్ని పరీక్షించడానికి ఆయన, ఆ చక్రం ప్రక్కనే ఎదురు దిశలో తిరిగే మరొక చక్రాన్ని కట్టి చూచినాడు. అయినా బండిని తొక్కగలిగినాడు. మనిషి చేతికి ఫోర్కు విధేయంగా తిరుగుతున్నంతవరకు బండి నిలబడుతుంది. కనుక కోనును గట్టిగా బిగించి ‘ఇక చప్పుడు రాదు’ అని సంతోషించడం ప్రమాదకరం. చప్పుడు పోయిన మాట నిజమే. కాని అట్టి బండి దారిలో అటూ ఇటూ పాములాడుతుంది. తొక్కేవాడు తనకు సైకిలు రావడం లేదేమో అనుకొంటాడు. పిల్లలు క్రొత్తగా నేర్చుకొంటున్న బండికి ఈ దోషం ఉంటే, తప్పు పిల్లవాడిది కాదు, బండిది.

భాగాలను వరుసగా చెబుతాను. నెమ్మదిగా వినండి. ఫోర్కుకు రెండు కాళ్ళు. అవి కలిసే చోటు భుజం. భుజం నుండి పైకి లేచేది ఒక కాడ. ఆ కాడ ఫ్రేము ముందు గొట్టంలో నుండి పైకి వస్తుంది. గొట్టం అడుగున ఒక కప్పు బిగించి ఉంటుంది. దానికి ఎదురుగా ఫోర్కు భుజం మీద ఒక కోను బిగించి ఉంటుంది. ఆ రెంటి నడుమ గుండ్లు. ఇది అడుగు బేరింగు. గొట్టం పైన మరొక కప్పు. దాని మీద గుండ్లు. ఆ గుండ్ల మీదకు, కాడకున్న మరల వెంబడి దిగివచ్చేది పై కోను. ఇది పై బేరింగు. పై కోను మీద నాలుక వాషరు, దాని మీద లైటు తగిలించే కొక్కెం, అన్నిటికన్న పైన లాక్ నట్టు. ఇంతే. కొన్ని కంపెనీల బండ్లలో కప్పు ఉండవలసిన చోట కోను, కోను ఉండవలసిన చోట కప్పు ఉండవచ్చును. అందుచేత విప్పేటప్పుడు ఏది ఏ మొగాన ఉన్నదో చూచి, అదే వరుసలో ఒక గుడ్డ మీద పేర్చుకొనవలెను.

ఇందులో మరలు ఉన్నవి పై కోనుకూ లాక్ నట్టుకూ మాత్రమే. మిగిలిన మూడు, అనగా రెండు కప్పులూ అడుగు కోనూ, బిగువుగా దిగి కూర్చొనేవి. ఇంట్లో పని చేసేవారు పొరపడేది ఆ మూడింటి దగ్గరనే. తిరగలిని తలచుకొనండి. క్రింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. నడుమనున్న ఇరుసు ఒరిగి ఉన్నదనుకొందాం. అప్పుడు పై రాయి ఒక ప్రక్క ఒరసుకొంటుంది, ఇంకొక ప్రక్క లేస్తుంది. పిండి ఒకచోట మెత్తగా, ఒకచోట బరకగా పడుతుంది. ఎంత బలంగా విసిరినా ఆ దోషం పోదు. ఇరుసును నిటారుగా నిలిపిననాడే పోతుంది. కప్పు ఒరిగి కూర్చున్న బండి సంగతీ ఇదే. హ్యాండిలు ఒకవైపు తేలికగా, ఒకవైపు బరువుగా తిరుగుతుంటే, పానాతో కోనును సవరించడం వృథాశ్రమ. కప్పు దగ్గరకు తిరిగి పోవలెను.

ముందుగా విప్పే విధానం. హ్యాండిలు నడుమనున్న బోల్టును పూర్తిగా ఊడదీయకండి. నాలుగైదు చుట్లు వదులు చేసి, దాని తల మీద ఒక కొయ్యముక్కను ఆనించి సుత్తితో కొట్టండి. లోపల బిగిసి ఉన్న చీలిక క్రిందికి దిగుతుంది. హ్యాండిలు పైకి వస్తుంది. మన బండ్లకు రాడ్డు బ్రేకులుంటాయి గనుక, ముందు బ్రేకు రాడ్డు కీలును అంతకుముందే విడదీసి ఉంచుకొనవలెను. ముందు చక్రం తీసివేయండి. బండి క్రింద ఒక తెల్లగుడ్డ పరచండి. ఇది అలంకారానికి కాదు. ఫోర్కును క్రిందికి లాగిన క్షణంలో గుండ్లు జలజల రాలుతాయి. మట్టినేల మీద పడినది మరల చేతికి రాదు.

పాత గుండ్లను పారవేసే ముందు కప్పులను కిరసనాయిలుతో కడిగి, ఒక పరీక్ష చేయండి. మా వీధి మొగలో వేపచెట్టు నీడను సైకిళ్ళు బాగుచేసే ఒక పెద్దాయన ఈ పరీక్షను చేసేటప్పుడు చూడవలెను. కడిగిన కప్పును ఎడమచేత పట్టుకొని, ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను మొనను గాడిలో ఆనించి, కన్ను మూసుకొని మెల్లగా చుట్టూ త్రిప్పుతాడు. మొన ఎక్కడ తడబడినా ఆయన పెదవి విరుస్తాడు. ఆ కప్పు ఇక పనికిరాదు. కంటికి కనబడని గుంటను మొన పట్టిస్తుంది. ఆ గుంటలు వరుసగా, సమాన దూరంలో ఉంటాయి. బండి ఎక్కువకాలం తిన్నగా పోతుంది గనుక గుండ్లు ఒకే చోట నిలిచి, ప్రతి కుదుపుకూ అక్కడనే రవంత ఒరసుకొని, నడుమనున్న గ్రీజును ప్రక్కకు నెట్టివేసి, ఇనుమును ఇనుము తినడం వలన అవి ఏర్పడుతాయి. హ్యాండిలు నడుమ చిక్కుకొనడానికి కారణం అదే. అట్టి కప్పులో క్రొత్త గుండ్లు వేసినా, అవి పాత గుంటలోనే పోయి కూర్చుంటాయి. కనుక గుండ్లొక్కటే మార్చి డబ్బు మిగుల్చుకొందామనే ఆలోచన మంచిది కాదు. మార్చితే మొత్తం సెట్టు మార్చండి.

సెట్టు కొనడానికి పోయేటప్పుడు ఫోర్కునే అంగడికి తీసుకొని పొండి. పాత కప్పులను కూడ పట్టుకొని పొండి. బరువైన పని అనుకోకండి. దీనివలన రెండవ ప్రయాణం తప్పుతుంది. ఎందుకంటే కొలతలలో ఒక చిక్కు ఉన్నది. సాధారణపు సైకిలు ఫోర్కు కాడ మందం ఒక అంగుళం, అనగా 25.4 మిల్లీమీటర్లు. ఇంతవరకు బాగానే ఉన్నది. కాని అడుగు కోను కూర్చొనే భుజపు కొలతలలో రెండు సంప్రదాయాలు వాడుకలో ఉన్నవి: ఒకటి 26.4 మిల్లీమీటర్లు, రెండవది 27 మిల్లీమీటర్లు. భేదం మిల్లీమీటరులో సగానికి కొంచెం ఎక్కువ. కన్ను దానిని పట్టలేదు. చిన్నకోనును పెద్ద భుజం మీద సుత్తితో దించబోతే కోను చిట్లుతుంది. పెద్దకోనును చిన్న భుజం మీద పెడితే వదులుగా తిరుగుతుంది. కొందరు దాని క్రింద తగరపు రేకు చుట్టి సరిపెడతారు. నేను దానిని ఒప్పుకోను. ఆ రేకు నాలుగునాళ్ళలో నలిగిపోతుంది. కోను మరల ఊగుతుంది. గొట్టంలో దిగే కప్పులకు కూడ ఇట్లే 30.2 అనీ, 30 అనీ రెండు కొలతలు కలవు. మరలలోనూ భేదం ఉన్నది. సామాన్యంగా అంగుళానికి 24 చుట్లు; ఇంగ్లండులో తయారైన పాత రాలీ బండ్లకు 26. తాతలనాటి రాలీ మీ ఇంట ఉంటే ఈ మాట ముఖ్యంగా గుర్తుంచుకొనండి. అంగడిలోనే పై కోనును కాడ మీద పెట్టి, పానా లేకుండ, వట్టి వ్రేళ్ళతో త్రిప్పి చూడండి. మూడు నాలుగు చుట్లు హాయిగా దిగినదా, అది మీదే. ఒకటిన్నర చుట్టుకే పట్టినదా, తిరిగి ఇచ్చివేయండి. బలవంతంగా దించితే చెడేది కోను కాదు, ఫోర్కు కాడ. దానికి మందు లేదు.

పాత కప్పులను తీయడం సులభమే. ఒక పొడుగాటి ఇనుపకడ్డీని గొట్టం అవతలి కొస నుండి దూర్చి, కప్పు లోపలి అంచు మీద ఆనించి కొట్టవలెను. ఒకే చోట కొట్టవద్దు. ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు. అడుగు కోనును కూడ ఇదే విధంగా, ముందొక దెబ్బ, వెనుకొక దెబ్బ వేస్తూ, పైకి నడిపించవలెను. పిమ్మట గొట్టం కొసలను గరుకు కాగితంతో తుడిచి, పాత రంగుపెళ్ళలూ తుప్పూ పోగొట్టి, పలుచగా గ్రీజు పూయండి. రంగుపెళ్ళ ఒకటి మిగిలినా కప్పు దాని మీద ఒరిగి కూర్చుంటుంది.

ఇప్పుడు క్రొత్త కప్పులు దించే ఘట్టం. దీనికి పెద్ద షెడ్లలో ప్రత్యేకమైన ప్రెస్సు ఉంటుంది. మనకు అది అక్కరలేదు. హార్డ్‌వేరు అంగడిలో నిలువునా మరలు చెక్కిన పొడుగు కడ్డీ దొరుకుతుంది. దానికి రెండు నట్టులు, కప్పు ముఖాన్ని పూర్తిగా కప్పివేసే మందమైన వాషర్లు రెండు మూడు తీసుకొనండి. కడ్డీని గొట్టంలో నుండి దూర్చండి. ఒక కొసన క్రొత్త కప్పు, దాని మీద వాషరు, నట్టు. రెండవ కొసన వట్టి వాషరు, నట్టు. ఇక పానాతో బిగించండి. ఒక్కొక్క కప్పునే దించండి. రెంటినీ ఒకేసారి దించబోతే ఏది ఒరుగుతున్నదో తెలియదు. అరచుట్టు బిగించడం, ఆగి చుట్టూ చూడడం. మరల అరచుట్టు, మరల చూడడం. ఒక ప్రక్క ముందుగా దిగుతున్నట్లు కనబడితే మొండిగా సాగించవద్దు. వెనుకకు తీసి, సరిచేసి, మొదటి నుండి ఆరంభించండి. ఈ ఓపిక పది నిమిషాల పని. దీనిని చూపనివారికి తరువాత ఎన్ని గంటలు కూర్చున్నా హ్యాండిలు కుదరదు.

కడ్డీ దొరకనివారు సుత్తితోనూ దించవచ్చును. కాని సుత్తి నేరుగా కప్పును తాకరాదు. నడుమ గట్టి కొయ్యపలక ఉండవలెను. వేప, తుమ్మ ఏదైనా సరే. కప్పు దిగుతున్నంతసేపు దెబ్బ మెత్తగా పలుకుతుంది. అంచు గొట్టానికి పూర్తిగా ఆనిన మరుక్షణం ఆ పలుకు మారి ఖణేలుమంటుంది. ఆ మార్పు విన్నచోట ఆపివేయండి. అయినా, చేతనైనంతవరకు కడ్డీ పద్ధతినే అవలంబించమని నా మనవి.

అడుగు కోనుకు మరొక ఉపాయం. ఫోర్కు కాడ మీదుగా దూరేటంత లోపలి వెడల్పు గల ఇనుపగొట్టం ముక్క ఒకటి సంపాదించండి. అది కోను లోపలి అంచును మాత్రమే తాకవలెను. గుండ్లు దొర్లే గాడిని తాకరాదు. ఈ మాట మరల చెబుతున్నాను: గొట్టం అంచు గాడిని తాకరాదు. ఫోర్కును పట్టుకొనడంలోనూ జాగ్రత్త కావలెను. కాళ్ళ కొసలను సిమెంటునేల మీద ఆనించి పైనుండి కొడితే, ఇరుసు తగిలించే చీలికలు వంగుతాయి. ఆ తరువాత చక్రం ఎన్నడూ నడుమకు రాదు. భుజం క్రింద కొయ్యదిమ్మెను ఆనించి, బరువంతా దాని మీద పడేటట్లు చూచుకొని, గొట్టం తల మీద కొట్టండి. కోను దిగినదని తోచిన పిమ్మట ఒక పరీక్ష ఉన్నది. వార్తాపత్రిక అంచు ఒకటి చించి, కోనుకూ భుజానికీ నడుమ దూర్చి చూడండి. చుట్టూ ప్రయత్నించండి. ఎక్కడైనా కాగితం జొరబడినదా, కోను ఇంకా కూర్చోలేదన్నమాట. కాగితం ఎక్కడా దూరనప్పుడే ఆ పని ముగిసినట్లు.

కష్టం ఇంతటితో తీరినది. ఇక గుండ్లు. అంగుళం కాడ గల ఫోర్కులకు సాధారణంగా వాడే గుండు అంగుళాన్ని 32 భాగాలు చేసిన వాటిలో 5 భాగాలంత, అనగా ఇంచుమించు 4 మిల్లీమీటర్లు. గాడి నిండా గ్రీజు దట్టంగా పూసి, గుండ్లను ఒక్కొక్కటిగా దానిలో గ్రుచ్చండి. గ్రీజే వాటిని పట్టుకొని ఉంటుంది. చుట్టూ పేర్చిన పిమ్మట ఒక గుండుకు చాలినంత ఖాళీ మిగలనివ్వండి. ఆ ఖాళీలో మరొక గుండును ఇరికించాలనే కోరిక ఎవరికైనా కలుగుతుంది, ఇరికించకండి. గుండ్లు ఒకదానినొకటి నెట్టుకొంటే దొర్లవు. రేకుపట్టీలో బిగించిన గుండ్లు వచ్చిన సెట్టైతే, పట్టీ ఏ మొగాన ఉండవలెనో చూచుకొని పెట్టండి. తలక్రిందులైతే ఫోర్కు త్రిప్పగానే రేకు ఇనుమును గీరుతున్న చప్పుడు వినబడుతుంది. పాతకాలపు మిస్త్రీలు చాలమంది విడిగుండ్లనే ఇష్టపడతారు. అట్లా పేర్చితే గుండ్లు ఎక్కువ పడతాయి, బరువు ఎక్కువచోట్ల పంచబడుతుంది. నేనూ వారి పక్షమే.

ఫోర్కును క్రింది నుండి గొట్టంలోనికి నిటారుగా ఎత్తండి. ఒక చేత దానిని పైకి నొక్కిపట్టి ఉంచి, రెండవ చేత పై కోనును వ్రేళ్ళతో దించండి. అది గుండ్లను తాకినంతనే ఆగండి. ఫోర్కును అటూ ఇటూ పదిసార్లు త్రిప్పి, గుండ్లను తమ చోట్ల కుదురుకోనివ్వండి. పిమ్మట కోనును మరల వ్రేళ్ళతోనే ఇంకొంచెం బిగించి, వెంటనే రవంత వెనుకకు త్రిప్పండి. నాలుక వాషరు వేయండి. దాని నాలుక కాడ మీద చెక్కిన గాడిలో పడవలెను. లైటు కొక్కెం వేయండి. లాక్ నట్టు ఎక్కించండి.

ఈ చోట కొంచెం శ్రద్ధగా వినండి. లాక్ నట్టును బిగించినప్పుడు అది పై కోనును క్రిందికి అదుముతుంది. మరలలో ఎప్పుడూ సూక్ష్మమైన సందు ఉంటుంది. ఆ సందు మేరకు కోను దిగి, మీరు అంతవరకు చూచుకొన్న సరి మారిపోతుంది. వ్రేళ్ళతో బాగున్న ఫోర్కు లాక్ నట్టు పడగానే పట్టివేసినదని చాలమంది విసుగుచెందేది ఇందుకే. కనుక కోనును కావలసినదానికన్న రవంత వదులుగా విడిచిపెట్టి, ఒక పానాతో కోనును కదలకుండ పట్టుకొని, రెండవ పానాతో లాక్ నట్టును బిగించండి. రెండు పానాలు తప్పవు. బిగించిన తరువాత చూడండి. పట్టినదా, నట్టు వదిలి, కోనును ఇసుమంత వెనుకకు త్రిప్పి, మరల బిగించండి. ఊగుతున్నదా, ఇసుమంత ముందుకు. రెండు మూడుసార్లు ఇట్లా చేయవలసి రావడం సహజం. అందులో నిరుత్సాహపడవలసినది ఏమీ లేదు. లాక్ నట్టు ఎంత బిగించినా కోను ఊగుతూనే ఉంటే, కాడ పొడుగై నట్టు లోపలి పై అంచు కాడ కొసకు తగులుకొంటున్నదేమో పరిశీలించండి. అదే అయితే మరొక వాషరు వేస్తే సరిపోతుంది.

సరిగా కుదిరినదని తెలిసికొనడానికి రెండు పరీక్షలు. మొదటిది ఊగు పరీక్ష. చక్రమూ, హ్యాండిలూ, బ్రేకూ తగిలించిన తరువాత, ముందు బ్రేకు గట్టిగా పట్టి, బండిని ముందుకూ వెనుకకూ నెట్టండి. అదే సమయంలో రెండవ చేతి చూపుడువ్రేలిని కప్పుకూ కోనుకూ నడుమ ఉన్న సందు మీద ఆనించి ఉంచండి. మొదట పైన, తరువాత అడుగున. చెవి వినలేని ఊగును వ్రేలు పట్టుకొంటుంది. రెండవది తిరుగు పరీక్ష. ఫ్రేమును పట్టుకొని ముందు చక్రాన్ని జానెడు పైకెత్తండి. హ్యాండిలును వ్రేలితో ఒక ప్రక్కకు తాకించండి. అది తన బరువుతోనే ఆ ప్రక్కకు పూర్తిగా వాలిపోవలెను. రెండవ ప్రక్కకూ అట్లే. నడుమ ఎక్కడ ఆగినా పట్టు ఉన్నదన్నమాట. ఊగు పరీక్ష, తిరుగు పరీక్ష. రెండూ నెగ్గవలెను. ఒకటి నెగ్గి ఒకటి ఓడితే పని కానట్లే.

గేర్లతో వచ్చే ఈ కాలపు బండ్లు కొన్నింటికి కాడ మీద మరలు ఉండవు. వాటి కాడ కొంచెం లావు, 28.6 మిల్లీమీటర్లు. వాటిలో హ్యాండిలు పట్టే ప్రక్క బోల్టులను ముందు వదులు చేసి, తలమీది మూత బోల్టుతో ఊగు పోయేవరకు మెల్లగా సరిచేసి, అటుపిమ్మట ప్రక్క బోల్టులను బిగించవలెను. మూత బోల్టు ఫోర్కును మోసేది కాదు, సరిచేసేది మాత్రమే. మోసేవి ప్రక్క బోల్టులే. వాటికీ ఆ రెండు పరీక్షలే వర్తిస్తాయి.

క్రొత్త కప్పులు మొదటి వారంలో రవంత కుదురుకొంటాయి. గ్రీజు పరచుకొంటుంది, కోను ఆసనంలో ఇంకా నొక్కుకొంటుంది. అందుచేత వారం తొక్కిన పిమ్మట ఊగు పరీక్షను మరల ఒకసారి చేసి, కొద్ది వదులు కనబడితే అప్పుడే సరిచేయండి. వదులుగా తొక్కుతూ పోతే క్రొత్త గాడి కూడ గుంటలు పడుతుంది. పెట్టిన ఖర్చు వ్యర్థమవుతుంది. వానలు వెలిసిన తరువాత, ఏటికొకసారి, విప్పి కడిగి గ్రీజు మార్చితే ఒక సెట్టు చాలకాలం వస్తుంది.

బండిని వీధిలోకి తీసే ముందు ఇంకొక్క సంగతి. హ్యాండిలు కాడ మీద ఒక గీత చెక్కి ఉంటుంది. అది బయటికి కనబడనంత లోతుగా ఫోర్కు కాడ లోపలికి దిగవలెను. ముందు చక్రాన్ని కాళ్ళ నడుమ పట్టుకొని హ్యాండిలును త్రిప్పబోతే అది విడిగా తిరగరాదు. క్రొత్త సెట్టు ఎత్తు పాతదానికన్న కొంచెం హెచ్చుతగ్గులుగా ఉన్నప్పుడు ఫోర్కు కూడ ఆ మేరకు జరుగుతుంది. రాడ్డు బ్రేకు కట్టెలు రిమ్ముకు తగలవలసిన చోట తగలవు. రాడ్డు కీలును వదులు చేసి, చక్రాన్ని త్రిప్పి చూస్తూ, కట్టెలు రెండూ రిమ్ముకు సమదూరంలో నిలిచేటట్లు సరిచేసి బిగించండి. బ్రేకు పట్టి, బండిని నాలుగడుగులు నడిపించి చూచి, ఆ తరువాతనే ఎక్కండి.